పాజిటివ్ అని తేలినవారు మందు దాకా ఎందుకు చేరడం లేదు? హెపటైటిస్ బి, సి గురించి ఒక వైద్యాధికారికి సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. జగిత్యాల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మీరు వైద్యాధికారిగా చేరి రెండేళ్లయింది. జూలై 28న ప్రపంచ హెపటైటిస్ దినం సందర్భంగా శిబిరం పెట్టి, కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బులైన హెపటైటిస్ బి, సి పరీక్షలు చేశారు. పాజిటివ్ వచ్చినవారికి చీటీ రాసి జిల్లా ఆసుపత్రికి పంపారు. కొన్ని నెలల తర్వాత ఆరా తీస్తే వారిలో సగం మంది కూడా అక్కడికి చేరలేదని తెలిసింది. మందు ఉచితంగా ఇస్తున్నా జనం ఎందుకు రావడం లేదు, వచ్చే ఏడాది ఇంకా పెద్ద శిబిరం పెడితే ఉపయోగం ఉంటుందా అని అడిగారు.

జిల్లా ఆసుపత్రి చికిత్సా కేంద్రంలో చాలా ఏళ్లు ఈ రోగులనే చూసినవాడిగా చెబుతున్నాను. పెద్ద శిబిరం ఆలోచనను కొంతకాలం పక్కన పెట్టండి. మీ మండలంలో ఇప్పటికే పాజిటివ్ అని తేలి, ఆ మాట తమకు తెలియకుండానో, తెలిసినా అర్థం కాకుండానో ఇళ్లలో ఉన్నవారే మీకు మొదటి రోగులు. వారు మందు దాకా చేరే దారి సరిచేయకుండా కొత్త పాజిటివ్‌లను కనిపెడితే, దారి తప్పేవారి సంఖ్య పెరగడం తప్ప మరేమీ జరగదు.

సమస్య ఎంత పెద్దదో నాలుగు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్ల మందికి దీర్ఘకాలిక హెపటైటిస్ బి, 5 కోట్ల మందికి హెపటైటిస్ సి ఉండగా, భారతదేశంలో ఆ సంఖ్యలు సుమారు 2.98 కోట్లు, 55 లక్షలు. ప్రపంచవ్యాప్తంగా హెపటైటిస్ బి ఉన్నవారిలో తమకు జబ్బు ఉందని తెలిసినవారు 13 శాతం, మందు అందుతున్నవారు 3 శాతం మాత్రమే. సి విషయంలో అవి 36, 20 శాతాలు. కాలేయం సగం చెడిపోయేదాకా నొప్పి గానీ కళ్లు పచ్చబడటం గానీ కనిపించని జబ్బు కనుక, మనిషి తనంతట తాను ఆసుపత్రికి రావాలని ఎదురుచూస్తే కడుపులో నీరు చేరిన తర్వాతే వస్తాడు.

ఇప్పటికే తేలినవారు ఎక్కడ దొరుకుతారన్నది తర్వాతి ప్రశ్న. మన దగ్గర ఆపరేషన్‌కు ముందు దాదాపు ప్రతి రోగికీ హెచ్‌ఐవీతో పాటు హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బికి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సికి) పరీక్షలు చేస్తారు. అయితే ఆ రిపోర్టు చదివేది సర్జన్, థియేటర్ నర్సు. రిపోర్టు పాజిటివ్ అయితే ఆ రోగి పేరు ఆనాటి జాబితాలో చివరికి పోతుంది, సామగ్రి వేరుగా పెడతారు, ప్రైవేటులోనైతే బిల్లులో ఒక అదనపు అంకె కూడా చేరుతుంది. రోగికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. హెర్నియా ఆపరేషన్ అయిన ఆరేళ్లకు రక్తం కక్కుకుంటూ వచ్చిన ఒక రైతు తెచ్చిన పాత ఫైలులో ఆనాటి పాజిటివ్ రిపోర్టు మడత కూడా విప్పకుండా ఉండటం నేను చూశాను. అటువంటి ఫైళ్లు మీ మండలంలోనూ ఉంటాయి. గర్భిణులకు చేసే పరీక్షలు, రక్తదానంలో రియాక్టివ్ అని తేలి పక్కన పెట్టిన నమూనాలు, డయాలసిస్ కేంద్రాల రిజిస్టర్లు, గల్ఫ్ వీసా కోసం చేయించుకున్న మెడికల్ పరీక్షలు కూడా ఇటువంటి చోట్లే. మీ పరిధిలోని ప్రసూతి రిజిస్టర్‌ను గత మూడేళ్లకు ఒకసారి తిరగేయండి. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని రాసి ఉన్న ప్రతి తల్లి వెనుక ఆమె భర్త, పిల్లలు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, ఆమె తల్లి ఉంటారు. ఒక పెద్ద శిబిరంలో దొరికేవారికంటే ఎక్కువ మంది ఆ రిజిస్టర్ ద్వారా దొరకవచ్చు. పేర్లు బయటకు పొక్కకుండా ఈ పని చేయాలని మీకు వేరే చెప్పనక్కరలేదు.

వారితో మాట్లాడేటప్పుడు మాట విషయంలో జాగ్రత్త అవసరం. "మీకు బి పాజిటివ్ వచ్చింది" అని చెప్పి పంపిన మనిషి అది తన రక్తపు గ్రూపు అనుకుని ఇంటికి వెళ్లి హాయిగా ఉండటం నవ్వులాటగా చెప్పే కథ కాదు. నా ఓపీలో ఒకసారి కాదు, పలుమార్లు జరిగింది. ఇంకొకటి "పచ్చకామెర్లు" అనే మాట. ఆ మాట వినగానే మన పల్లెల్లో గుర్తొచ్చేది పసరు మందు, ఉప్పు కారం లేని పత్యం, చేతి మీద వాత. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి కనుక, ఆ పేరు పసరుకు దక్కుతూ వచ్చింది. బి, సి ఆ రకం కావు. "మీ కాలేయంలో ఒక వైరస్ ఏళ్ల తరబడి ఉండిపోయింది, ఇప్పుడు మీకు ఏ బాధా లేకపోయినా లోపల గాయం మానిన మచ్చలు పడుతూ ఉండవచ్చు, అవి ఎంత పడ్డాయో చూడాలి" అని చెబితే చదువుకోనివారికి కూడా అర్థమవుతుంది. పసరు పోసేవారిని తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. "కామెర్లతో వచ్చిన ప్రతి మనిషినీ ముందు ఒక్కసారి మా దగ్గర రక్తపరీక్ష చేయించుకోమనండి" అని వారిని అడిగితే కొందరైనా పంపుతారు, నాకు పంపారు.

ఇక జనం రాకపోవడానికి అసలు కారణం. హెపటైటిస్ సి రోగి నడవాల్సిన దారిని ఒకసారి కాగితం మీద గీసి చూడండి. మొదట ర్యాపిడ్ కిట్‌తో యాంటీబాడీ పరీక్ష, అంటే వైరస్‌కు స్పందనగా శరీరం తయారుచేసిన పదార్థం రక్తంలో ఉందా అని చూడటం. అది పాజిటివ్ అయితే వైరస్ ఇప్పుడు ఉందో లేదో తేల్చే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఎందుకంటే వైరస్ సోకినవారిలో 15 నుంచి 45 శాతం మందికి మందు లేకుండానే అది పోతుంది గానీ యాంటీబాడీ మాత్రం ఉండిపోతుంది. దాని తర్వాత కాలేయం ఏ దశలో ఉందో చూసే పరీక్షలు, ఆ తర్వాత డాక్టరు నిర్ణయం, తర్వాత మందు, మూడు నెలలు నెలనెలా మందు తెచ్చుకోవడం, మందు అయిపోయిన 12 వారాలకు నయమైందా లేదా అని మళ్లీ ఆర్‌ఎన్‌ఏ. పాత పద్ధతిలో ఇందులో ప్రతి అడుగుకూ ఒక ప్రయాణం, ఒక రోజు కూలి నష్టం, రిపోర్టు కోసం ఇంకో ప్రయాణం. ఒంట్లో ఏ బాధా లేని మనిషి ఏడెనిమిది సార్లు జిల్లా కేంద్రానికి వస్తాడని అనుకోవడమే మన పొరపాటు. "అవగాహన లేదు" అని రోగి మీద నెట్టే ముందు బస్సు చార్జీ లెక్క వేయాలి.

కాబట్టి ప్రయాణం రక్తనమూనాకు పెట్టండి, మనిషికి వద్దు. ర్యాపిడ్ పరీక్షలో పాజిటివ్ వచ్చిన క్షణంలోనే, రోగి కుర్చీలోంచి లేవకముందే, సిర నుంచి రెండు గొట్టాల రక్తం తీసుకోవాలి: ఒకటి వైరల్ లోడ్‌కు (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేందుకు), ఒకటి కాలేయం, మూత్రపిండాల పరిస్థితి చెప్పే ప్లేట్‌లెట్లు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, బిలిరుబిన్, ఆల్బుమిన్, క్రియాటినిన్‌కు. దీనినే రిఫ్లెక్స్ పరీక్ష అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీనినే సిఫారసు చేస్తోంది. వైరల్ లోడ్ గొట్టంలోని ప్లాస్మాను అదే రోజు వేరు చేసి చల్లటి పెట్టెలో పంపాలి, అంతకు మించిన కష్టం ఇందులో లేదు. తెలంగాణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి నమూనాలు తీసుకెళ్లే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ వాహనం మీ దగ్గరికి ఎలాగూ వస్తుంది. కరోనా కాలంలోనూ క్షయ కార్యక్రమంలోనూ జిల్లాల్లోకి వచ్చిన, క్రిముల జన్యుపదార్థాన్ని గుర్తించే ట్రూనాట్, జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాలు తగిన చిప్, కార్ట్రిడ్జ్ ఉంటే హెపటైటిస్ పరీక్ష కూడా చేస్తాయి. చాలా చోట్ల యంత్రం ఖాళీగానే ఉంటుంది. లోటల్లా దాన్ని ఇంకో కార్యక్రమానికి వాడుకోవడానికి ఎవరు సంతకం పెట్టాలన్న దగ్గరే. ఆ సంతకం కోసం మీరు జిల్లా క్షయ అధికారి గదిలో ఒక పూట కూర్చోవాల్సి వస్తే కూర్చోండి, శిబిరం బ్యానరు కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

కాలేయం దశను తేల్చడానికి ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే యంత్రం) లేదని రోగిని హైదరాబాద్ పంపడం ఇంకో చోటు, అక్కడ మనం రోగిని పోగొట్టుకుంటాం. మామూలు రక్తపరీక్షతో లెక్కగట్టే ఏపీఆర్‌ఐ అనే సూచిక చాలామందికి సరిపోతుంది. రోగి ఏఎస్‌టీని మీ ల్యాబ్ గరిష్ఠ మామూలు విలువతో భాగించి, వందతో గుణించి, ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని భాగించండి. ఏఎస్‌టీ 80, ల్యాబ్ గరిష్ఠం 40, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు అనుకుంటే 200ను 160తో భాగించగా 1.25 వస్తుంది. హెపటైటిస్ బి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 0.5 దాటితే గణనీయమైన ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చలు), 1 దాటితే సిర్రోసిస్ (మచ్చలతో కాలేయం గట్టిపడిపోవడం) ఉండవచ్చని భావించాలి. మీ గోడ మీద ఈ సూత్రం ఒక కాగితం మీద రాసి అంటించుకుంటే చాలు, స్టాఫ్ నర్సు కూడా లెక్క కడుతుంది.

సాధారణ వైద్యులు ఈ చికిత్స చేయగలరా అన్న సందేహం మీకు ఉన్నట్లు ప్రశ్నలోనే కనిపించింది. పంజాబ్ దీనికి జవాబు చెప్పింది. 2016 జూన్‌లో అక్కడి ప్రభుత్వం ముఖ్యమంత్రి హెపటైటిస్ సి సహాయ నిధిని మొదలుపెట్టి, చికిత్సను 22 జిల్లా ఆసుపత్రులు, 3 ప్రభుత్వ వైద్య కళాశాలలకు పంచింది. గ్యాస్ట్రో నిపుణులు అన్ని జిల్లాల్లో లేరు కనుక మామూలు ఫిజీషియన్లకే చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థ నిపుణులు వీడియో ద్వారా క్రమంగా శిక్షణ ఇచ్చి, చిక్కు కేసులను వారితో చర్చించారు. సిర్రోసిస్ లేనివారికి జీనోటైప్ పరీక్షను (వైరస్ ఏ రకమో తేల్చేదాన్ని) కూడా వదిలేశారు. ఆ విధంగా చికిత్స పొందిన తొలి 48 వేల మంది లెక్క చూస్తే, పరీక్షకు తిరిగి వచ్చినవారిలో 90 శాతానికి పైగా నయమయ్యారు. నిపుణుడు చేసినా ఇంతకంటే ఎంతో ఎక్కువ సాధించలేడు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఆ అనుభవాన్నే దేశమంతటికీ తీసుకుంది. ఈజిప్టు 2018 అక్టోబరు నుంచి 2019 ఏప్రిల్ దాకా దాదాపు 5 కోట్ల మందికి పరీక్ష చేసిన సంగతి చాలామంది ఉదాహరిస్తారు గానీ, అక్కడ పరీక్షకు ముందే చికిత్సా కేంద్రాలూ మందుల నిల్వలూ సిద్ధంగా ఉన్నాయన్న సంగతి మరచిపోతారు.

మందు సంగతి క్లుప్తంగా. సిర్రోసిస్ లేని హెపటైటిస్ సి రోగికి సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ రోజుకు ఒక్కసారి 12 వారాలు. సిర్రోసిస్ ఉంటే డక్లాటాస్‌విర్ స్థానంలో వెల్పాటాస్‌విర్. కడుపులో నీరు, రక్తపు వాంతి, మతి తప్పడం వంటివి ఒక్కసారైనా వచ్చి ఉంటే పైకేంద్రానికి పంపాల్సిందే. సి మందుతో పొసగని మందులు, అంటే క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ లేదా కార్బమాజిపిన్, గుండెకు అమియోడరోన్ వాడుతున్నారా అని తప్పక అడగాలి. సి మందు మొదలుపెట్టే ముందు హెచ్‌బీఎస్‌ఏజీ చూడటం మరవవద్దు, సి తగ్గుతుండగా అణిగి ఉన్న బి విజృంభించే ప్రమాదం ఉంది. తాగుడు మానితేనే మందు ఇస్తామనడం మన దగ్గర ఇంకా వినిపించే మాట. మానమని చెప్పాలి, సాయం చేయాలి, కానీ మందు ఆపడానికి అది కారణం కాదు. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లకు, మొత్తం కోర్సు 84 వేల డాలర్లకు వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లలోపే లైసెన్సు ఒప్పందాల మీద హైదరాబాద్‌కు చెందిన హెటిరో, నాట్కో వంటి కంపెనీలు దాన్ని అందులో పిసరంత ధరకు తయారుచేశాయి. మన ఊరి మందు మన ఊరి రోగికి చేరకపోవడానికి ధర ఇక సాకు కాదు.

హెపటైటిస్ బి ఇంత సులువు కాదు, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పాలి. సి మూడు నెలల్లో పోతుంది. బి చాలామందిలో పోదు, అణిగి ఉంటుంది. పాజిటివ్ అయిన అందరికీ మందు అవసరం లేదు, అలాగని మందు అవసరం లేనివారిని వదిలేయకూడదు. "ఇనాక్టివ్ క్యారియర్, ఏమీ లేదు పొండి" అన్న మాట వల్ల ఎంతమంది పదేళ్ల తర్వాత కాలేయ క్యాన్సర్‌తో తిరిగి వచ్చారో లెక్క లేదు. ఏమీ లేదనడం కాదు, "ఇప్పుడు మందు అక్కర్లేదు, ఆరు నెలలకు ఒకసారి రక్తపరీక్షకు రావాలి" అని తేదీ రాసి ఇవ్వాలి. 2024 మార్గదర్శకాలు మందు మొదలుపెట్టే గీతను బాగా కిందికి దించాయి: ఏపీఆర్‌ఐ 0.5 దాటినా, లేక వైరల్ లోడ్ 2,000 అంతర్జాతీయ యూనిట్లు దాటి ఏఎల్‌టీ మామూలు కంటే ఎక్కువ ఉన్నా, లేక హెచ్‌ఐవీ వంటి తోడు జబ్బులు గానీ కుటుంబంలో కాలేయ క్యాన్సర్ గానీ ఉన్నా మందు ఇవ్వవచ్చు. ఏఎల్‌టీకి మామూలు గరిష్ఠం పురుషులకు 30, స్త్రీలకు 19 అని అవి చెబుతున్నాయి. మన ల్యాబ్ కాగితం మీద అచ్చయ్యే 40 చూసి "నార్మల్" అనుకోవడం వల్ల ఎందరో తప్పిపోతున్నారు. మీ రాష్ట్ర కార్యక్రమం ప్రస్తుతం ఏ గీతను పాటిస్తోందో నోడల్ అధికారిని అడిగి, ఆ ప్రకారమే నడవండి.

బి వైరస్‌ను అణిచి ఉంచే మందు టెనోఫోవిర్. దాన్ని మొదలుపెట్టిన తర్వాత రోగి మానేసే కారణాలు రెండు చూశాను. మొదటిది ఫోను. మందు పేరు వెతికితే అది హెచ్‌ఐవీకి వాడే మందు అని కనిపిస్తుంది. ఒక యువకుడు తన తండ్రికి ఇచ్చిన డబ్బా మీద పేరు చూసి, ఇంట్లో పెద్ద గొడవ పెట్టి, మందు చెత్తబుట్టలో వేశాడు. "ఇదే మందు రెండు వేరు వేరు వైరస్‌ల మీద పనిచేస్తుంది, మీకు ఉన్నది హెచ్‌ఐవీ కాదు" అన్న ఒక్క వాక్యం డబ్బా చేతికి ఇచ్చేటప్పుడే, ఇంటివాళ్ల ముందే చెబితే ఆ గొడవ ఉండేది కాదు. తప్పు నాదే. రెండోది నిల్వలు అయిపోవడం. ఈ మందు హఠాత్తుగా ఆగితే వైరస్ ఒక్కసారిగా పెరిగి కాలేయం దెబ్బతినవచ్చు. అందువల్ల నెలకు కాకుండా మూడు నెలలకు సరిపడా ఇవ్వాలి, మీ ఫార్మసిస్టు రెండు నెలల నిల్వ మిగిలి ఉండగానే ఇండెంటు పెట్టాలి.

గర్భిణులు, పసిబిడ్డల విషయంలో ఆలస్యానికి క్షమాపణ లేదు. పుట్టుకలో బి వైరస్ సోకిన శిశువుల్లో పదికి తొమ్మిది మందికి అది దీర్ఘకాలిక జబ్బుగా మారుతుంది, పెద్దవారిలో నూటికి ఐదుగురికి కూడా మారదు. పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయాలి. ఆదివారం, పండుగ, రాత్రి రెండు గంటల ప్రసవం అన్న తేడా లేకుండా లేబర్ రూము ఫ్రిజ్‌లోనే వయల్స్ ఉండాలి, టీకా గది తాళం కోసం ఎదురుచూడకూడదు. తల్లి పాజిటివ్ అని ముందే తెలిస్తే శిశువుకు ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) తెప్పించి ఉంచాలి, ఆమె వైరల్ లోడ్ 2 లక్షలు దాటితే గర్భంలో ఉండగానే టెనోఫోవిర్ మొదలుపెట్టాలి. తల్లిపాలు మాన్పించనవసరం లేదని అత్తగారికి కూడా వినబడేలా చెప్పండి. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకాను తెచ్చిన తర్వాతే మన దేశంలో ఈ టీకా సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. ఆ నగరానికి ఇంత దగ్గరలో ఉండి జన్మ మోతాదు తప్పిపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

మీ ప్రాంతం కనుక గల్ఫ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు చాలామంది మగవాళ్లు తమకు ఈ వైరస్ ఉందని మొదటిసారి తెలుసుకునేది వీసా మెడికల్‌లో "అన్‌ఫిట్" ముద్ర పడినప్పుడే. అప్పటికే అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి ఉంటారు. ఆ మనిషి మీ దగ్గరికి వచ్చి అడిగేది కాలేయం గురించి కాదు, "నెగెటివ్ చేసే మందు ఉందా సార్" అని. ఉందని చెప్పి వేలకు వేలు గుంజేవారు ఆ ఊళ్లలోనే ఉన్నారు. నిజం చెప్పండి: బి ఉంటే టెనోఫోవిర్‌తో హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ కావడం చాలా అరుదు, సి నయమైనా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌గానే ఉంటుంది, నయమైనట్లు చూపే ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు దగ్గర ఉంచుకోవాలి గానీ అది అన్ని చోట్లా చెల్లుతుందని హామీ ఇవ్వలేం. ఈ చేదు మాట చెప్పిన అదే రోజు అతని రక్తం తీసుకుని, ఇంటివారిని పిలిపించి, నెగెటివ్ ఉన్నవారికి 0, 1, 6 నెలల్లో వేసే బి టీకాలు మొదలుపెట్టండి. ఇక్కడ ఉద్యోగాల విషయంలో కూడా వారికి రక్షణ తక్కువ. 2017 నాటి చట్టం హెచ్‌ఐవీ ఉన్నవారి మీద వివక్షను నిషేధిస్తుంది, హెపటైటిస్ బి ఉన్నవారు ఆ చట్టం పరిధిలోకి రారు. కలిసి తిన్నా, కౌగిలించుకున్నా అంటదని మీరు రాసి సంతకం పెట్టిన కాగితం కొన్నిసార్లు ఉద్యోగాన్ని నిలబెడుతుంది, నేను అటువంటివి చాలా రాశాను.

చివరగా మీ రిజిస్టర్. "పరీక్షలు ఎన్ని, పాజిటివ్ ఎన్ని" అన్న రెండు గడులతో పైకి నివేదిక పంపితే అందులో మీ అసలు సమస్య కనిపించదు. ప్రతి పాజిటివ్ మనిషికీ ఒక వరుస, అందులో వైరల్ లోడ్ తీసిన తేదీ, రిపోర్టు రోగి చేతికి చేరిన తేదీ, మందు మొదలైన తేదీ, తర్వాత రావాల్సిన తేదీ, ఇంట్లో ఎందరికి పరీక్ష అయింది అన్న గడులు పెట్టండి. ప్రతి నెలా మొదటి మంగళవారం ఏఎన్‌ఎంలతో కూర్చుని ఖాళీగా ఉన్న గడులను మాత్రమే చదవండి. ఏ గడి దగ్గర ఖాళీలు ఎక్కువగా ఉన్నాయో చూసి, ఆ ఒక్క చోటనే మూడు నెలలు పని చేయండి. ఆ పుస్తకం సిద్ధమయ్యాక ఏదైనా కేసు చిక్కుపెడితే, పేరు, ఊరు లేకుండా రిపోర్టులు మాత్రం పంపండి, చూసి చెబుతాను.